పాత మోటారుబండి నంబరులు: తనిఖీకి ముందు చూచుకొనవలసిన సంగతులు

పొలమునకు సర్వే నంబరు యెట్టిదో మోటారుబండికి ఛాసిస్ నంబరు అట్టిది. రంగు మారినను, యజమాని మారినను ఆ నంబరు మారదు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 మొదలగు పాత కార్లను, పాత జీపులను వాడుకొను రైతులు నేటికిని కలరు. అట్టివారు తనిఖీకి బండిని తోలుకొనిపోయి, నంబరు కానరాలేదను కారణముచే తిరిగివచ్చినచో పనిదినమును, నూనె ఖర్చును వ్యర్థమగును. అంతకన్న గొప్ప నష్టము మఱియొకటి గలదు. తొందరపాటున నంబరు చెరిగిపోయినయెడల స్వంతబండియే దొంగబండియను అనుమానమునకు పాత్రమగును. అందుచే ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి, స్వంత వాడుకలోని కారునకు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట దానిని 5 సంవత్సరముల కొకసారి పునరుద్ధరించుకొనవలెను. దీనికి 25వ నంబరు ఫారము గలదు. గడువు తీరుటకు ముందు 60 దినములలోపల దరఖాస్తు చేయవలెను. తనిఖీలో బ్రేకు ఇన్‌స్పెక్టరు బండిమీది ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును సి బుక్కులోని నంబరులతో పోల్చి చూచును. కావున ఆయనకన్న ముందు మనమే చూచుకొనుట మంచిది.

ఛాసిస్ నంబరు ఎచ్చట నుండును? జీపు వంటి బండికి అడుగున రెండు పొడవైన ఇనుపదూలము లుండును. ఆ దూలములలో నొకదానిపై, తఱచుగా ముందుచక్రము దాపున, నంబరు గుద్దబడి యుండును. స్టీరింగును పూర్తిగా ఒకవైపునకు త్రిప్పినచో చక్రము తొలగి చోటు కనబడును. అంబాసిడరు వంటి కార్లకు అట్టి దూలములు వేరుగా నుండవు. వీనికి బానెట్టు ఎత్తి, ఇంజనునకును కూర్చుండు స్థలమునకును నడుమనున్న రేకుగోడను మొదట వెదకవలెను. అచ్చట లేనిచో షాకబ్సార్బరు పైకొన బిగించిన చోటను, ముందుసీటు క్రింద చాప తీసియు చూడవలెను.

పెక్కు బండ్లకు బానెట్టు లోపల మేకులతో బిగించిన చిన్న రేకుబిళ్ల కూడ నుండును. అది వెదకులాటకు సాయపడునుగాని, ఊడదీసి మఱియొకటి బిగింపదగినది. ఇనుములో గుద్దిన నంబరే ముఖ్యము.

ఇంజను నంబరు ఇంజను దిమ్మ ప్రక్కను, నునుపు చేసిన చదరపు చోట నుండును. ఇచ్చట పలువురు పొరబడుదురు. దిమ్మపై ఉబ్బెత్తుగా కనబడు అంకెలు పోతపోసిననాటి కార్ఖానా గుర్తులు. అవి ఇంజను నంబరు కావు. లోతుగా గుద్దబడినవే అసలు నంబరు.

ఏండ్లతరబడి పట్టిన మట్టిని, జిడ్డును తొలగించుటకు కిరసనాయిలు తడిపిన గుడ్డను అరగంట ఆ చోట నానవేసి, పిమ్మట మెత్తని కుంచెతో రుద్దవలెను. ఆకురాయి, గ్రైండరు, ముతక గరుకుకాగితము వాడనేరాదు. గుద్దిన అంకెల లోతు మిక్కిలి స్వల్పము. త్రుప్పుతోపాటు అంకెయు పోవును. శుభ్రపడిన పిదప సుద్దముక్కతో రుద్ది పైపైని తుడిచినచో, సుద్ద పల్లములలో నిలిచి అంకెలు తెల్లగా కనబడును. తరువాత పలుచని కాగితము నానించి పెన్సిలును అడ్డముగా రుద్దినయెడల అచ్చు దిగును. ఈ అచ్చును సి బుక్కులో దాచుకొనుడు. పని ముగిసిన పిమ్మట ఆ చోట కొంచెము గ్రీజు పూసినచో మరల త్రుప్పు పట్టదు.

అచ్చును సి బుక్కుతో ఒక్కొక్క అక్షరముగా సరిచూడవలెను. ఈకాలపు బండ్ల నంబరులో 17 అక్షరములు, అంకెలు కలిసి యుండును. అందు ఐ, ఓ, క్యూ అను ఇంగ్లీషు అక్షరము లుండవు. కాబట్టి అట్టి నంబరులో ఓ వలె కనబడునది సున్నయే. పాతబండ్ల నంబరులు ఇంతకన్న పొట్టివై, ఆయా కార్ఖానాల పద్ధతి ననుసరించి యుండును. వీనికి ఈ నియమము వర్తింపదు. 8 అంకెకును బి అక్షరమునకును, 5 అంకెకును ఎస్ అక్షరమునకును భేదము జాగ్రత్తగా గమనింపవలెను.

తేడా కనబడినచో కారణము తెలిసికొనవలెను. వ్రాతలో జరిగిన తప్పైనచో, పెన్సిలు అచ్చుతోను, కొన్ననాటి కాగితములతోను కార్యాలయమువారికి తెలిపి దిద్దించుకొనవలెను. ఇంజను మార్చియున్నచో సంగతి వేరు. చట్టము 52వ సెక్షను ప్రకారము అట్టి మార్పును 14 దినములలోపల తెలుపవలెను. షెడ్డులో మార్చి యూరకున్నవారు, కొత్త ఇంజను కొన్న రసీదుతో ఇప్పటికైనను పోయి విన్నవించుకొనుట మేలు. నంబరు చెరిగినదని మేస్త్రీచేత మరల గుద్దించుట మాత్రము ఎన్నడును తగదు. అధికారి అనుమతి లేక గుద్దిన నంబరు, మంచియుద్దేశముతో గుద్దినదైనను, మోసమువలెనే కనబడును.

పాతబండిని కొనువారును ఈ పనిని బయానా ఇచ్చుటకు ముందే చేయవలెను. సుడులు చూడక ఎద్దును కొనని రైతు, నంబరు చూడక బండిని కొనుట వివేకము కాదు. గుడ్డ, సుద్దముక్క, పెన్సిలు, ఒక గంట కాలము: ఇంతకన్న దీనికి కావలసినది లేదు. గడువు దగ్గరపడినవారు ఈ వారములోనే బానెట్టు ఎత్తి చూచుకొందురుగాక.