దీవికి వెళ్తున్నారా? పాదాలు జాగ్రత్త!

మా మద్దూరు వైపు వాళ్ళకు నీళ్ళంటే చెరువు, బావి. సముద్రం చూడాలంటే వందల కిలోమీటర్లు పోవాలి. అటువంటిది ఈ రోజుల్లో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు కూడా విమానమెక్కి అండమాన్ చూసి వస్తున్నారు. సంతోషమే. అయితే పెట్టె సర్దుకునే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన వండూర్ వద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానం ఉంది. దీని విస్తీర్ణం 281 చదరపు కిలోమీటర్ల పైమాటే. మడ అడవుల నడుమ పాయలో పడవ సాగుతుంది. కాలాన్ని బట్టి జాలీబాయ్ దీవికో, రెడ్‌స్కిన్ దీవికో తీసుకుపోతారు. అద్దం అడుగున్న పడవలోంచి పగడపు దిబ్బలను, రంగురంగుల చేపలను చూడవచ్చు.

ఆ దీవి చూసి వచ్చిన ఒక మాస్టారు పది రోజుల తర్వాత నా దగ్గరకు వచ్చారు. పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి ఉన్న మనిషి. కాలి చిటికెన వేలు నల్లబడి ఉంది.

“ఏం లేదు డాక్టరు సారూ, సముద్రంల చిన్న రాయి గీసుకున్నది. నొప్పి కూడ లేకుండె” అన్నారు.

అది రాయి కాదు, పగడం. నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదం. చక్కెర వ్యాధి ముదిరితే పాదాలలో స్పర్శ తగ్గిపోతుంది. దెబ్బ తగిలినా తెలియదు. పగడపు ముక్కలు గాయంలో మిగిలిపోతే చీము పడుతుంది. చివరకు పట్నంలో ఆ వేలు తీసెయ్యవలసి వచ్చింది.

కనుక చక్కెర వ్యాధి ఉన్నవారు ఒడ్డున కూడా చెప్పులు లేకుండా నడవకండి. సాయంత్రం బసకు చేరగానే అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. గీరుకుంటే సబ్బుతో, ధారగా పోసిన మంచినీళ్ళతో కడిగి, ధనుర్వాతం టీకా అవసరమేమో వైద్యుని అడగండి. ఎరుపు పాకినా, బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

పగడాన్ని తొక్కితే మీకే కాదు, దానికీ చేటు. కొన్ని జాతులు ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగవు. మనం ఒక్క అడుగుతో విరిచేది ఎన్నో ఏళ్ళ పెరుగుదల! పగడాలను చట్టం కూడా కాపాడుతోంది. ముక్క ఏరి తెచ్చుకోవడం నేరం.

ఆ దీవి మీద హోటళ్ళు లేవు. ప్లాస్టిక్ సంచులు రానివ్వరు. మన స్టీలు డబ్బా, స్టీలు నీళ్ళసీసా అక్కడ మహా ఉపయోగం. ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవారు భోజనం ఆలస్యమైతే చెమటలు పట్టి, వణుకు వచ్చి పడిపోవచ్చు. కాస్త చక్కెర, తినడానికి ఏదైనా దగ్గర ఉంచుకోండి. విమానంలో ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే పెట్టుకోండి.

పడవలో వాంతులయ్యేవారు ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ ఎక్కవద్దు. పడవ మధ్యలో కూర్చుని దూరంగా చూస్తుండండి. మాత్ర వేసుకోదలిస్తే ముందే వైద్యుని అడిగి తెచ్చుకోండి. గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ముసుగు తగిలించుకుని నీటిలో దిగవద్దు. సముద్రపు జెల్లీచేప కుడితే సముద్రపు నీటితోనే కడగండి, ఇసుకతో రుద్దవద్దు. ఊపిరి అందకపోతే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తిరిగి వచ్చిన కొన్ని వారాలకు జ్వరం వచ్చినా “అండమాన్ వెళ్ళొచ్చాను” అని వైద్యునికి చెప్పండి. మలేరియా, ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ వంటివి అప్పుడు త్వరగా గుర్తుకొస్తాయి.

మాస్టారు ఇప్పుడు కులాసాగానే తిరుగుతున్నారు, తొమ్మిది వేళ్ళతో. “నా సంగతి రాయండి సారూ, పదిమందికి పనికొస్తది” అన్నది ఆయనే.