కరెంటు కంటికి కనబడితే

మా కేంద్రంలో చదువుకునే ఒక అక్క కరెంటు బిల్లు తెచ్చి నాకు చూపింది. ఆమె ముఖం చిన్నబోయి ఉంది.

"పంతులమ్మా! బిల్లు పెరిగింది. రాత్రిళ్లు నేను చదువుకోవడానికి లైటు వేస్తున్నాను కదా. అందుకే పెరిగిందని మా ఆయన కోప్పడ్డాడు. నిజమేనా?" అని అడిగింది.

అక్కలారా! డబ్బాలో బియ్యం తగ్గితే కనబడుతుంది. గ్యాసు తగ్గితే బండ తేలికవుతుంది. కరెంటు ఖర్చు మాత్రం కంటికి కనబడదు. నెల తిరిగాక బిల్లు వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరి మీద తప్పు పడుతుంది.

ఈ చిక్కు మనకే కాదు. స్వీడన్ అనే దేశంలో 2005 ప్రాంతంలో కొందరు ఒక కొత్త రకం వైరు తయారుచేశారు. కరెంటు పారుతుంటే ఆ వైరు నీలంగా వెలుగుతుంది. ఎక్కువ పారితే వెలుగు ఎక్కువవుతుంది. స్విచ్చి ఆపితే ఆరిపోతుంది. చూస్తే చాలు, ఖర్చు తెలిసిపోతుంది.

మనింట్లో ఆ వైరు లేదు. కానీ మీటరు ఉంది. ఇప్పటి మీటర్లలో చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంది. మీటరు మీద ఒక అంకె రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద అది 3200. అంటే దీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కరెంటు ఖర్చయినట్టు.

నేనూ ఆ అక్కా వాళ్ల మీటరు ముందు నిలబడ్డాం. ఇంట్లో అన్నీ ఆపి, ఒక్కొక్కటే వేసి లెక్కపెట్టాం. సుమారుగా వచ్చిన లెక్క ఇది:

9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు: రెండు నిమిషాలకు ఒకసారి.
75 వాట్ల ఫ్యాను: నిమిషానికి 4 సార్లు.
నీళ్లు కాచే 1500 వాట్ల హీటరు: నిమిషానికి 80 సార్లు.

"అమ్మో! లెక్కపెట్టలేక నాకు ఆయాసం వస్తోంది" అంది అక్క.

హీటరు 40 నిమిషాలు వాడితే ఒక యూనిట్ అవుతుంది. బల్బు రోజూ గంట చొప్పున నెలంతా వెలిగినా అర యూనిట్ కూడా కాదు.

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి హీటరు పెట్టాడు. అక్క ఆయన్ని మీటరు దగ్గరకు పిలిచింది. "ఈ మిణుకులు మీరే లెక్కపెట్టండి" అంది. ఆయన కాసేపు లెక్కపెట్టాడు. తర్వాత ఏమీ అనలేదు. అక్క చదువు లైటు ఇప్పటికీ వెలుగుతూనే ఉంది.

చేసి చూడండి:
1. మీ మీటరు మీద ఏ అంకె రాసి ఉంది?
2. మీ ఇంట్లో ఏ వస్తువు వేస్తే దీపం వేగంగా మిణుకుమంటుంది?
3. అన్నీ ఆపాక కూడా దీపం మిణుకుమంటోందా? అయితే ఏది ఆపడం మరిచారో వెతకండి.

మీటరును, వైర్లను ముట్టుకోవద్దు. దూరం నుంచి చూస్తే చాలు.