తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పొద్దున్నే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి చూడండి. లేడీస్ హాస్టళ్ల నుంచి బ్యాగులు భుజాన వేసుకుని అమ్మాయిలు గబగబా వచ్చేస్తుంటారు. జావా అనో, డేటా అనో ఏదో ఒక కోర్సు. నెలో, రెండు నెలలో... నోట్సు జిరాక్సు తీయించుకుంటే అయిపోయింది! మరి అదే కంప్యూటరు బడిలో కుదురుకోవడానికి ఏళ్లూ పూళ్లూ ఎందుకు పడుతోంది?

కారణం లేకపోలేదు. అమీర్‌పేటలో కంప్యూటరే పాఠం. బడిలో పాఠం వేరే ఉంటుంది. భిన్నాలో, గుండె పనిచేసే తీరో... కంప్యూటరు దానికి తోడు మాత్రమే. ఆ తోడు కుదర్చాల్సింది టీచరమ్మ.

బడికి టీవీ రావడం నిన్నా మొన్నటి ముచ్చట కాదు. 1975 ఆగస్టు 1న ‘సైట్’ ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ వచ్చింది. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఉదయంపూట బడిపిల్లలకు తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చేవి. ఏడాది తిరగ్గానే ఉపగ్రహం వెళ్లిపోయింది. అయితే ఆ ఏడాదిలోనే సెలవుల్లో సుమారు 50 వేలమంది ప్రాథమిక పాఠశాలల టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

తర్వాత 1984లో ‘క్లాస్’ పథకం. దేశంలో 250 బడులతో మొదలుపెట్టి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. కంప్యూటరంటే అపురూపమైన రోజులు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలి? గదికి తాళం, కంప్యూటరుకు ముసుగు!

ఆ భయాన్ని వదిలించింది కరోనా. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. అర్థంకానిది టీచర్‌ను అడగాలంటే ఫోను కావాలి. పంజాగుట్ట చుట్టుపక్కల బస్తీల్లో ఇంటికొక్కటే ఫోనున్న ఇళ్లెన్నో. అదీ అమ్మతోపాటు అపార్టుమెంట్లలో పనికి వెళ్లిపోతుంది. సాయంత్రం తిరిగొచ్చాక అన్న లెక్కలకా, చెల్లి సైన్సుకా? తగువొస్తే చెల్లే సర్దుకోవాలి... మన ఇళ్ల సంగతి తెలిసిందేగా!

టీచర్లూ తక్కువ అవస్థ పడలేదు. అప్పటిదాకా గుడ్‌మార్నింగ్ పూలబొమ్మలకే వాట్సాప్ వాడినవాళ్లు పాఠం గొంతుతో రికార్డు చేసి పంపడం నేర్చుకున్నారు. చాలామందికి నేర్పింది కన్నబిడ్డలే.

2023లో తెలుగు రాష్ట్రాల సర్కారు ఉన్నత పాఠశాలలకు వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు వచ్చాయి. బాగుంది. కానీ ఏ పాఠానికి ఏ బొమ్మ నప్పుతుందో వెతకాలి, నెట్ ఆగిపోతుందేమోనని ముందే దించి పెట్టుకోవాలి. ఈ పనికి టైమ్‌టేబుల్లో చోటేదీ? రాత్రి వంటిల్లు సర్దాకే! మరుసటి ఏడాదికి చేయి తిరుగుతుంది. ఈలోపు తరగతి మారిందో, బదిలీ అయిందో... మళ్లీ మొదటికే.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్తే, స్మార్ట్ క్లాసు ఫీజు సంగతి తర్వాత. ‘‘పోయిన వారం తెరమీద ఏ పాఠం చెప్పారు టీచర్? దాన్ని సిద్ధం చేసుకోవడానికి మీకో పీరియడ్ ఖాళీ ఇచ్చారా?’’ అని అడిగి చూడండి. రెండో ప్రశ్న మాత్రం హెడ్‌మాస్టరుకు వినపడేలా!