సముద్రం లేని మానుకోటకు గ్యాస్ ఓడతో పనేంటి?

జనగామ, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్. ఈ ఐదు పేర్లూ ఢిల్లీలో ఒక ఫైలు మీద ఒకే వరుసలో ఉన్నాయి. ఏ ఊళ్లో గ్యాస్ పైపు ఎవరు వేయాలో తేల్చే పీఎన్‌జీఆర్‌బీ అనే సంస్థ ఫైలు అది. 2018లో దేశాన్ని ముక్కలు చేసి వేలం పెట్టినప్పుడు మన పాత వరంగల్ జిల్లా మొత్తం ఒకే ముక్క అయింది. మేఘా ఇంజనీరింగ్ కంపెనీకి దక్కింది. ఆ తర్వాత ములుగు విడిపోయింది, అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. వేలం కాగితంలో మాత్రం పాత పేర్లే.

ఈ ఐదింట్లో ఏ జిల్లాకూ సముద్రం లేదు. సముద్రం చూడాలంటే రాత్రి గౌతమి ఎక్కి పొద్దున కాకినాడలో దిగాలి. అందుకే ‘కాకినాడలో ఎల్‌ఎన్‌జీ టెర్మినల్’ అని వార్త వస్తే మనం పట్టించుకోకుండా స్క్రోల్ చేస్తాం. అది ఆంధ్రోళ్ల గొడవ అనుకుంటాం. ఆ గొడవలో మన వాటా ఎంతుందో ఒకసారి లెక్కేసి చూద్దాం.

ముందు బేసిక్స్. మన దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం బయటి నుంచి కొంటున్నాం. దాన్ని మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిస్తే ద్రవమవుతుంది, 600 వంతుల చోటులో పట్టేది ఒక వంతులో ఇమిడిపోతుంది. అదే ఎల్‌ఎన్‌జీ. ఓడలో వచ్చిన ఆ ద్రవాన్ని దించుకుని, మళ్లీ గ్యాస్ చేసి పైపులోకి ఎక్కించే చోటే టెర్మినల్. దేశంలో మొదటిది గుజరాత్‌లోని దహేజ్, 2004లో మొదలైంది. తర్వాత హజీరా, దాభోల్, కొచ్చి, ముంద్రా, అన్నీ పడమటి తీరంలోనే వచ్చాయి. తూర్పున చెన్నై పక్కన ఎన్నూర్ 2019లో, ఒడిశాలో ధామ్రా 2023లో మొదలయ్యాయి. ఈ రెంటి మధ్య ఆంధ్ర తీరమంతా ఖాళీ.

ఎవరూ రాలేదని కాదు. పెట్రోనెట్ కంపెనీ గంగవరంలో కడతానంది, తర్వాత పక్కన పెట్టి ఒడిశాలోని గోపాల్‌పూర్ వైపు చూసింది. కాకినాడలో గెయిల్, ఆంధ్ర ప్రభుత్వ గ్యాస్ సంస్థ, షెల్, ఫ్రాన్స్ కంపెనీ ఎంజీ కలిసి ఓడ మీదే టెర్మినల్ పెడతామన్నాయి. ఇప్పుడు క్రౌన్ ఎల్‌ఎన్‌జీ అనే కంపెనీ అక్కడే సముద్రంలో ఏడాదికి 72 లక్షల టన్నుల టెర్మినల్ అంటోంది. ఒప్పందాల ఫొటోలు చాలానే ఉన్నాయి. ఓడ మాత్రం రాలేదు.

చెప్పుల వరుస

2025 ఆగస్టు, సెప్టెంబర్‌లో మానుకోట పేరు రాష్ట్రమంతా మోగింది, యూరియా లైన్లతో. సొసైటీల ముందు తెల్లారకముందే చెప్పులు, పాసుపుస్తకాలు, ఆధార్ జిరాక్సులు వరుసగా పెట్టి రైతులు పక్కన కూర్చున్నారు. మక్క చేను మోకాలెత్తుకు వచ్చాక యూరియా పడాల్సిన టైముకు పడకపోతే, పది రోజుల తర్వాత ఎంత చల్లినా ఆ దిగుబడి తిరిగి రాదు.

కేంద్రం ఇస్తానన్న కోటా పంపలేదని రాష్ట్ర ప్రభుత్వం, పంచుకోవడం చేతగాలేదని బీజేపీ ఒకరినొకరు తిట్టుకున్నారు. కాంగ్రెస్ ఎంపీలు పార్లమెంటు ఆవరణలో నిరసన చేశారు. బీఆర్‌ఎస్ ఏకంగా సెప్టెంబర్ 9న జరిగిన ఉప రాష్ట్రపతి ఎన్నికకే దూరంగా ఉంది, కారణాల్లో యూరియాను చెప్పింది. ఒక ఎరువు బస్తా ఉప రాష్ట్రపతి ఎన్నిక దాకా పోవడం మన దగ్గరే చూశాం.

ఆ గోలలో రామగుండం ఫ్యాక్టరీ ఆగిందన్న ముచ్చట కూడా వచ్చింది. అక్కడి నుంచి ఒక్క అడుగు వెనక్కి వేస్తే గ్యాస్ పైపు కనిపించేది. ఆ అడుగు ఎవరూ వేయలేదు.

ఎందుకంటే యూరియా అంటే సగం గ్యాసే. పొయ్యి కింద మంటగా మాత్రమే కాదు, ముడిసరుకుగా కూడా. గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసి, గాలిలోని నైట్రోజన్‌తో కలిపితే అమోనియా. దానికి కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. రామగుండంలో పాత ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1980లో బొగ్గుతో మొదలైంది, 1999లో మూతపడింది. కాళ్ల కింద బొగ్గు గనులు, ఫ్యాక్టరీకి తాళం. అదే చోట కొత్తగా ఆర్‌ఎఫ్‌సీఎల్ వచ్చింది, ఈసారి గ్యాస్‌తో. 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది, సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. తెలంగాణ ప్రభుత్వానికి అందులో 11 శాతం వాటా ఉంది. గ్యాస్ కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి ఉమ్మడి ఖమ్మం, వరంగల్, కరీంనగర్ జిల్లాల మీదుగా వస్తుంది. అంటే మన చేన్ల కిందుగానే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క, క్యాలిక్యులేటర్ తీయండి. టన్ను యూరియాకు సుమారు 20 ఎంఎంబీటీయూల గ్యాస్ కావాలి. ఎంఎంబీటీయూ అంటే గ్యాస్‌కు కిలో లాంటిది, అమ్మకం కొలత. 45 కిలోల బస్తాకు 0.9 అవుతుంది. గ్యాస్ ధర 12 డాలర్లు, డాలర్ 85 రూపాయలు అనుకుందాం. బస్తాలో ఒక్క గ్యాస్ ఖర్చే 918 రూపాయలు. రైతు కట్టేది 266 రూపాయల 50 పైసలు. మిగతాదంతా కేంద్రం సబ్సిడీ. గ్యాస్ ఒక్క డాలర్ పెరిగితే బస్తా మీద 76 రూపాయలు పెరుగుతుంది, కానీ రైతు జేబులో తేడా రాదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. పెట్రోల్ ధర పెరిగితే బంకులో బోర్డు మీద కనపడుతుంది, మనం తిట్టుకుంటాం. యూరియా ధర పెరిగితే ఏ బోర్డు మీదా కనపడదు. ఢిల్లీలో సబ్సిడీ బిల్లు మీద పడుతుంది. ఎప్పుడు టెండర్ పిలవాలి, ఎంత తెప్పించాలి అన్న లెక్కలు అక్కడ మొదలవుతాయి. 2023-24లో 70 లక్షల టన్నుల యూరియా దిగుమతి చేసుకున్న దేశం 2024-25లో 56 లక్షలకు తగ్గించింది. చైనా ఎగుమతులు బిగబట్టింది. 2024 ఆగస్టు 1న దేశంలో 86 లక్షల టన్నుల నిల్వ ఉంటే, 2025 ఆగస్టు 1న ఉన్నది 37 లక్షలే. సొసైటీ ముందు కనపడ్డ చెప్పులు ఆ 37 లక్షల అంకెకు చివరి రూపం. మన రైతు దగ్గరికి గ్యాస్ రేటు రూపాయల్లో రాదు, లైన్ రూపంలో వస్తుంది.

టెర్మినల్ ఉంటే తీరేదా?

కాకినాడలో టెర్మినల్ ఉండి ఉంటే ఆ లైన్ ఉండేది కాదా? ఉండేది. నాకు టెర్మినల్ మీద కోపం లేదు, కానీ లెక్క లెక్కే. 2025లో రామగుండం ఆగింది సాంకేతిక లోపాలతో. పైగా 2015 జూలై నుంచి యూరియా ఫ్యాక్టరీలన్నిటికీ దేశీయ గ్యాస్, విదేశీ గ్యాస్ కలిపి సగటు తీసి ఒకే రేటు వేస్తున్నారు. ఓడ దహేజ్‌లో ఆగినా కాకినాడలో ఆగినా రామగుండానికి గ్యాస్ రేటు ఒకటే. పైపుల్లో గ్యాస్ అదలాబదలా కూడా నడుస్తుంది: గుజరాత్‌లో ఒకరు ఎక్కించిన దానికి బదులుగా మనం మల్లవరంలో తీసుకోవచ్చు. ఫోన్‌పేలో పంపిన నోటు అదే నోటుగా అవతలికి చేరనట్టే.

మరి దేనికి పనికొస్తుంది? సరఫరా భద్రతకు. కేజీ బేసిన్ కథ గుర్తుంటే ఇది అర్థమవుతుంది. 2009 ఏప్రిల్‌లో రిలయన్స్ డీ6 గ్యాస్ మొదలైనప్పుడు ఇక మనకు తిరుగులేదన్నారు. గ్యాస్ మన తీరానికొచ్చి గుజరాత్‌కు పోతోందని రాజశేఖర్ రెడ్డి ప్రభుత్వం ఢిల్లీతో పోట్లాడింది. గ్యాస్ కరెంటు ప్లాంట్లన్నీ కోస్తాలోనే పెట్టారని తెలంగాణ ఉద్యమం అడిగింది. కరీంనగర్ పక్కన నేదునూరులో 2,100 మెగావాట్ల ప్లాంటు అన్నారు, దానికి గ్యాస్ ఇయ్యలేదు, అది లేవలేదు. నేదునూరు మోసమా, అదృష్టమా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. ఎందుకంటే కొన్నేళ్లకే డీ6 ఉత్పత్తి పాతాళానికి పోయింది. కోస్తాలో కట్టిన ప్లాంట్లు కొండపల్లి నుంచి వేమగిరి దాకా గ్యాస్ లేక ఆగాయి. 2015 నాటికి దేశం మొత్తం మీద అలా ఆగినవి 14 వేల మెగావాట్ల పైచిలుకు. విదేశీ గ్యాస్‌కు సబ్సిడీ ఇచ్చి రెండేళ్లు నడిపి చూశారు. 2017 మార్చితో అదీ అయిపోయింది. కేజీ గ్యాస్ 2020 చివర్లో మళ్లీ కోలుకుంది, కానీ భూమి లోపలి గ్యాస్‌ను నమ్ముకుని ఇరవై ఏళ్ల ప్లాన్ వేయొద్దని ఆ పదేళ్లు నేర్పాయి.

భూపాలపల్లిలో ఈ మాటెత్తితే ఎవరైనా ముందు అడిగేది బొగ్గు సంగతే. చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు ఉంది, 500 మెగావాట్లు ఒకటి, 600 ఒకటి. సింగరేణి గనులు పక్కనే. బూడిద, దుమ్ము కూడా పక్కనే, అది పీల్చేవాళ్లకు గ్యాస్ శుభ్రంగానే కనపడుతుంది. కానీ యూనిట్ కరెంటుకు మంచి గ్యాస్ ప్లాంటైనా 1,850 కిలో కేలరీలు అడుగుతుంది. ఇందాకటి 12 డాలర్ల రేటుకే ఇంధనం ఖర్చు ఒక్కటే ఏడు రూపాయలు దాటుతుంది. ఆ రేటుకు ఏ డిస్కమ్ కొంటుంది? కాబట్టి టెర్మినల్ వస్తే చెల్పూరు చిమ్నీ ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. గ్యాస్ లీకైతే అందులోని మీథేన్ వాతావరణాన్ని కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు వేడెక్కిస్తుందన్న సంగతి కూడా ఈ శుభ్రత లెక్కలో కలపాలి.

ఇక జనగామ. హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీద సీఎన్‌జీ కొట్టించుకునే ఆటోకు దేశీయ చౌక గ్యాస్‌లో ముందు వరుస ఉంది. 2024 అక్టోబర్, నవంబర్‌లో కేంద్రం ఆ కేటాయింపు రెండుసార్లు కోసింది, 2025 జనవరిలో కొంత తిరిగిచ్చింది. తగ్గిన మేర కంపెనీలు ఖరీదైన గ్యాస్ కొనాలి, అందులో ఓడ గ్యాస్ ఉంటుంది. ఆటో నడిపే అన్నకు దహేజ్ ఎక్కడుందో తెలియాల్సిన అవసరం లేదు, కానీ ఆయన రోజు కూలీ మీద దాని నీడ పడుతుంది.

కొచ్చి నేర్పింది

టెర్మినల్ కడితే చాలదని కొచ్చి చూపించింది. 2013లో 50 లక్షల టన్నుల టెర్మినల్ మొదలైంది. పైపులైన్‌కు భూముల దగ్గర ఆందోళనలు. మంగళూరు పైపు ప్రారంభమయ్యేసరికి 2021 జనవరి. అన్నాళ్లూ టెర్మినల్ చాలావరకు ఖాళీగానే ఉంది. మన దగ్గర సంగతి తలకిందులు: పైపు ముందే ఉంది, టెర్మినల్ లేదు. అయితే 50 లక్షల టన్నులంటే రోజుకు సుమారు 1.8 కోట్ల ఘనపు మీటర్లు. రామగుండం లాంటి ఫ్యాక్టరీలు ఎనిమిదింటికి సరిపోతుంది. అంత గ్యాస్ ఇరవై ఏళ్లపాటు, వాడినా వాడకపోయినా డబ్బు కడతానని సంతకం పెట్టేది ఎవరు? ఆంధ్ర తీరంలో కంపెనీలు వచ్చి వెళ్లిపోవడం వెనక పెద్ద ప్రశ్న అదే. ‘మా పోర్టుకు ఇవ్వండి’ అనే నాయకులు చాలామంది ఉన్నారు. ‘మేం కొంటాం’ అనే సంతకం కనపడదు.

ఇంకో మాట, పైపు పోయిన చేను గురించి. 1962 నాటి చట్టం ప్రకారం పైపుకోసం భూమి కొనరు, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం అదనం. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది, మిర్చి వేసుకోవచ్చు, కానీ ఆ పట్టీలో బోరు వేయొద్దు, మామిడి నాటొద్దు, గది కట్టొద్దు. కోనసీమలోని నగరంలో 2014 జూన్ 27న గెయిల్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. పసుపు రంగు మార్కర్ రాయి పక్కన నాగలి పట్టే రైతుకు ఆ పైపును ఏడాదికి ఎన్నిసార్లు పరీక్షిస్తున్నారో ఊరి పంచాయతీలో చెప్పాలి. ఇది అడగడానికి టెర్మినల్ దాకా ఆగక్కర్లేదు.

నా మట్టుకు నేను కాకినాడ టెర్మినల్ వద్దనను. కానీ తెలంగాణ ఎంపీలు పోట్లాడాల్సిన మొదటి చోటు పోర్టు కాదు. ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో 11 శాతం వాటాదారుగా ఫ్యాక్టరీ వానాకాలంలో ఎందుకు ఆగిందో, మరమ్మతు ఎండాకాలంలో ఎందుకు పూర్తికాలేదో లెక్క అడగొచ్చు. జూన్ నాటికి దేశంలో కనీసం ఇన్ని లక్షల టన్నుల యూరియా నిల్వ ఉండి తీరాలని కేంద్రాన్ని రాతపూర్వకంగా ఒప్పించొచ్చు. రెండూ టెర్మినల్ కన్నా చౌక.

ఈలోగా పెద్ద సంతకం ఒకటి జరిగిపోయింది. 2024 ఫిబ్రవరి 6న పెట్రోనెట్, ఖతర్ కంపెనీతో ఏడాదికి 75 లక్షల టన్నుల ఎల్‌ఎన్‌జీ ఒప్పందాన్ని పొడిగించుకుంది. 2028లో మొదలై 2048 దాకా నడుస్తుంది. ఆ ఓడలు హోర్ముజ్ జలసంధి దాటే రావాలి. ఇవాళ మానుకోటలో ఇంటర్ చదివే పిల్లకు 2048లో నలభై దగ్గరపడతాయి. తండ్రి చేను అప్పటికి ఆమె పేరు మీద ఉంటే, బస్తా కోసం ఆమె ఎదురుచూసేది ఆ ఒప్పందం కింద వచ్చే గ్యాస్ కోసమే.