తొండ మెడ ఎందుకు ఎర్రబడుతుంది?

జగిత్యాల మామిడి తోటల్లో, కోరుట్ల పసుపు చేల గట్ల మీద, సిరిసిల్ల ఇళ్ల ప్రహరీలపై ఎండాకాలంలో తొండను గమనించండి. ఒక్కోసారి తల, మెడ, భుజాలు ఎర్రగా మెరుస్తుంటాయి. రక్తం తాగి అలా అయిందని కొందరు భయపడతారు. తొండ రక్తం తాగదు. దానికి విషమూ లేదు.

మరి ఆ ఎరుపు ఎక్కడిది?

ఎర్రబడేది మగ తొండ. జతకట్టే కాలంలో ఒంట్లో హార్మోన్లు పెరిగి చర్మం రంగు మారుతుంది. ముందుకాళ్ల మీద లేచి దిగుతూ, తల ఊపుతూ ‘ఈ చోటు నాది’ అని చాటుతుంది. పోరులో ఓడితే ఆ ఎరుపు వెలిసిపోతుంది.

ఆడ తొండ మెత్తని నేలలో గుంట తవ్వి, సాధారణంగా 10 నుంచి 20 గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. ఆరేడు వారాలకు పిల్లలు వాటంతటవే బయటికొస్తాయి.

దక్షిణ అమెరికాలోని టెగూ బల్లిది ఇంకో వింత. జతకట్టే కాలంలో అది ఒంట్లోనే వేడి పుట్టించుకుని, రాత్రిపూట పరిసరాలకన్నా 10 డిగ్రీల వరకు వెచ్చగా ఉండగలదని 2016లో శాస్త్రవేత్తలు వెల్లడించారు.

మన తొండకు ఆ శక్తి లేదు. అందుకే పొద్దున్నే ఎండలో ఒళ్లు కాచుకుని, ఆ తర్వాతే మిడతలు, చీమల వేటకు బయల్దేరుతుంది.