రెండున్నర నిమిషాల ఆట, నాలుగు గంటల ఆలోచన

ముందుగా ఒక చిన్న లెక్క. ప్రొఫెషనల్ గోల్ఫర్ ఒక రౌండ్‌లో, అంటే 18 హోల్స్‌లో, దాదాపు 70 సార్లు బంతిని కొడతాడు. ఒక్కో స్వింగ్‌కి రెండు సెకన్లు కూడా పట్టవు. సరే, రెండే వేసుకుందాం. మొత్తం 140 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాల లోపు. కానీ రౌండ్ పూర్తవడానికి నాలుగు గంటలు, ఒక్కోసారి ఐదు గంటలు పడుతుంది. మిగతా టైమంతా ఏం చేస్తారు? నడుస్తారు. గాలి ఎటు వీస్తోందో చూస్తారు. పక్కవాడు కొట్టేదాకా ఆగుతారు. అన్నిటికంటే ఎక్కువగా, ఆలోచిస్తారు.

మన మ్యాగజైన్‌లో గోల్ఫ్ ఏంటి అని అడిగేవాళ్లుంటారని తెలుసు. గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో గోల్ఫ్ కోర్స్ ఉందంటే మా బ్యాచ్‌లో సగం మంది నమ్మలేదు. నాకూ ఈ ఆట టీవీలోనే పరిచయం. కానీ నన్ను పట్టుకున్నది ఆట కాదు, ఆ నాలుగు గంటలు. చేతకానివాడు ఓడిపోవడంలో వింతేం లేదు. పదేళ్లుగా చేతిలో ఉన్న విద్య, అందరూ చూస్తున్న రోజునే, ఎందుకు జారిపోతుంది? వైవాలో నోరు పెగలని వాళ్లకి, ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేయగానే ఫర్ లూప్ కూడా గుర్తురాని వాళ్లకి ఇది పరాయి ప్రశ్న కాదు. దాన్ని గోల్ఫ్ చూపించినంత స్పష్టంగా ఇంకే ఆటా చూపించదని నా అభిప్రాయం.

ఎందుకంటే గోల్ఫ్‌లో బంతి కదలదు. 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని ఆడే బ్యాట్స్‌మన్‌కి అర సెకను దొరుకుతుంది. అందులో భయపడటానికి కూడా టైముండదు, శరీరం దాని పని అది చేసేస్తుంది. ఇక్కడ బంతి గడ్డి మీద కదలకుండా కూర్చుని ఉంటుంది. ఎప్పుడు కొట్టాలో మీ ఇష్టం. నన్నడిగితే ఈ ఆటలో అసలు ప్రమాదం ఆ స్వేచ్ఛే.

ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రతి హోల్‌కి ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. నాలుగు దెబ్బల్లో వేయాల్సిన హోల్‌ని మూడింట్లో వేస్తే బర్డీ, ఐదైతే బోగీ, ఆరైతే డబుల్ బోగీ. బంతిని దొర్లించి గుంటలో వేసే చివరి చోటు గ్రీన్, అక్కడ కొట్టే దెబ్బ పుట్. మొత్తం దెబ్బలు ఎవరివి తక్కువైతే వాళ్లే గెలిచినట్టు. అంతే.

ఇప్పుడు అసలు విషయం. సియాన్ బైలాక్ అనే అమెరికన్ సైకాలజిస్ట్, థామస్ కార్‌తో కలిసి 2001లో పుటింగ్ మీద ఒక పేపర్ రాసింది. అనుభవం ఉన్న గోల్ఫర్లతో, కొత్తవాళ్లతో పుట్‌లు కొట్టించి, ఇప్పుడు కొట్టిన దెబ్బలో ఏమేం చేశారో వివరంగా చెప్పండి అని అడిగారు. మనం ఏమనుకుంటాం? అనుభవజ్ఞులే ఎక్కువ చెప్తారని. కానీ తమ దెబ్బ గురించి వాళ్లే తక్కువ గుర్తుపెట్టుకున్నారు.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేస్తుంటే, "ఇప్పుడు చెయ్యి ఎటు తిప్పావు అమ్మమ్మా?" అని అడిగితే చెప్పలేదు. "ఉండవే, మాట్లాడించకు, గీత తప్పుతుంది" అంటుంది. ముగ్గు ఆవిడ చేతిలో ఉంది, మాటల్లో లేదు. మాటల్లోకి లాగితే గీత నిజంగానే తప్పుతుంది.

బైలాక్ తర్వాత చేసిన ప్రయోగాల్లో కూడా ఇదే బయటపడింది. అనుభవం ఉన్నవాళ్లని మీ స్వింగ్ మీదే దృష్టి పెట్టండి అంటే ఆట చెడింది. వేరే శబ్దాలేవో వింటూ కొట్టమంటే బాగానే కొట్టారు. కొత్తవాళ్లకి సరిగ్గా తిరగబడింది. వాళ్లు దృష్టి పెడితేనే బాగుపడ్డారు. అందుకే "ఆలోచించకుండా కొట్టు" అనేది అందరికీ పనికొచ్చే సలహా కాదు. ముందు నేర్చుకోవాలి, తర్వాతే వదిలేయాలి.

మన భాషలో చెప్పాలంటే, బాగా ప్రాక్టీస్ చేసిన స్వింగ్ అనేది కంపైల్ అయిపోయిన కోడ్. ఒత్తిడి వచ్చినప్పుడు భయపడిన మెదడు దాన్ని మళ్లీ డీబగ్గర్‌లో ఓపెన్ చేసి, లైన్ లైన్‌కీ బ్రేక్‌పాయింట్ పెడుతుంది. మోచెయ్యి సరిగ్గా ఉందా, మణికట్టు తిరిగిందా, తల లేచిందా... క్లబ్ పై నుంచి కిందికి వచ్చి బంతిని తాకడానికి పట్టేది దాదాపు పావు సెకను. అందులో ఇన్ని చెకింగ్‌లు చేస్తే ప్రోగ్రామ్ నడవదు, తడబడుతుంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ గ్రెగ్ నార్మన్. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆగస్టా నేషనల్ కోర్సులో ఏటా ఏప్రిల్‌లో మాస్టర్స్ టోర్నమెంట్ జరుగుతుంది. 1996లో నార్మన్ మొదటి రోజే 63 కొట్టి కోర్స్ రికార్డుని సమం చేశాడు. మూడు రోజులు అయ్యేసరికి ఆరు దెబ్బల ఆధిక్యం. చివరి రోజు 78 కొట్టాడు. అతనితో కలిసి ఆడిన నిక్ ఫాల్డో 67 కొట్టి ఐదు దెబ్బల తేడాతో గెలిచాడు. ఆ రోజు నార్మన్ బంతి ముందు మామూలు కంటే ఎక్కువ సేపు నిలబడుతున్నాడని, క్లబ్ మీద పట్టు మళ్లీ మళ్లీ సర్దుకుంటున్నాడని చూసినవాళ్లు గమనించారు. రాత్రికి రాత్రి అతనికి ఆట రాకుండా పోలేదు. మధ్యలో ఎన్ని బ్రేక్‌పాయింట్లు పడ్డాయో ఆ చేతులే చెప్పాయి.

మరి మంచి ఆటగాళ్లు ఏం చేస్తారు? "పాజిటివ్‌గా ఆలోచించు, నీ మీద నువ్వు నమ్మకం పెట్టుకో" లాంటి పోస్టర్ మాటలు నాకు పెద్దగా నచ్చవు. నమ్మకం అనేది ఆర్డర్ వేస్తే వచ్చేది కాదు. నిజంగా పనిచేసేది చాలా బోరింగ్‌గా ఉంటుంది. ఆలోచనకి ఒక టైమూ ఒక చోటూ కేటాయించడం, అది దాటాక తలుపు వేసేయడం.

స్వీడన్ కోచ్ పియా నిల్సన్, అమెరికన్ కోచ్ లిన్ మారియట్ కలిసి దీన్ని చక్కగా విడగొట్టారు. బంతికి వెనక కొంత దూరంలో నిలబడే చోటు థింక్ బాక్స్. దూరం, గాలి, ఏ క్లబ్, ఎక్కడ పడాలి, అన్ని ప్రశ్నలూ అక్కడే. నిర్ణయం అయ్యాక ఊహలో ఒక గీత దాటి బంతి దగ్గరికి వెళ్తారు. అది ప్లే బాక్స్. అక్కడ ప్రశ్నలు ఉండవు, కొట్టడమే. అక్కడికి వెళ్లాక మళ్లీ సందేహం వస్తే? వెనక్కి వచ్చేయాలి, థింక్ బాక్స్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. నిల్సన్ దగ్గర నేర్చుకున్న అనికా సోరెన్‌స్టామ్ ఎల్‌పీజీఏ టూర్‌లో 72 టైటిళ్లు గెలిచింది. 2001లో ఒకే రౌండ్‌లో 59 కొట్టింది.

ఆ గీత నాకు భలే నచ్చింది. భయం పోవాలని అది అడగదు. భయం ఉన్నా సరే, ఈ కొన్ని సెకన్లలో నీ దృష్టి ఎక్కడుండాలో చెప్తుంది.

మెదడుకి ఖాళీ ఇస్తే అది మాట్లాడుతుంది కాబట్టి, దానికి ఏదో చిన్న పని అప్పగించే పద్ధతులూ ఉన్నాయి. తిమోతీ గాల్వే 1981లో గోల్ఫ్ మీద రాసిన పుస్తకంలో క్లబ్ వెనక్కి వెళ్లినప్పుడు "బ్యాక్" అని, బంతిని తాకినప్పుడు "హిట్" అని మనసులో అనుకోమంటాడు. చదివితే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఆ రెండు మాటలు సరిగ్గా ఆ క్షణంలో పలకాలంటే, నిన్న పోయిన షాట్ గురించి ఆలోచించడం కుదరదు. కెనడాకి చెందిన జోన్ వికర్స్ కళ్ల మీద పరిశోధన చేసింది. మంచి పుటర్లు కొట్టే ముందు చూపుని బంతి మీద ఒకే చోట నిలుపుతారు, బంతి వెళ్లిపోయాక కూడా చూపు కాసేపు అక్కడే ఉంటుంది. తక్కువ ఆటగాళ్ల కళ్లు అటూ ఇటూ తిరుగుతాయి. దీనికి ఆమె పెట్టిన పేరు క్వైట్ ఐ. నిశ్చలమైన చూపు అనుకోవచ్చు.

ఇక షాట్ పోయాక ఏం చేయాలి? పాతకాలపు అమెరికన్ ఛాంపియన్ వాల్టర్ హేగన్ ప్రతి రౌండ్‌లో ఏడు చెడ్డ షాట్లు ఉంటాయని ముందే లెక్క వేసుకునేవాడట. ఒకటి పోతే, ఆ ఏడింట్లో ఒకటి అయిపోయింది, అంతే. నాకు తెలిసి ఇంతకంటే మంచి ఎర్రర్ హ్యాండ్లింగ్ లేదు.

మనసు చేసే ఇంకో మాయ ఉంది, ఇది లెక్కల్లోనే దొరికింది. డెవిన్ పోప్, మారిస్ ష్వైట్జర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా పీజీఏ టూర్‌లో కొట్టిన 25 లక్షల పుట్‌లని విశ్లేషించి 2011లో ప్రచురించారు. దూరం లాంటివన్నీ సమానంగా ఉన్నా, బర్డీ కోసం కొట్టే పుట్ కంటే పార్ నిలబెట్టుకోవడానికి కొట్టే పుట్ ఎక్కువగా గుంటలో పడుతోంది. తేడా దాదాపు రెండు శాతం పాయింట్లు. ఆలోచిస్తే ఇది పిచ్చిగా ఉంటుంది. చివర్లో లెక్కపెట్టేది మొత్తం దెబ్బల్నే. బర్డీ పుట్ పోయినా ఒక దెబ్బే, పార్ పుట్ పోయినా ఒక దెబ్బే. కానీ మనసుకి పార్ అనేది "నాది". పోగొట్టుకోవడం దానికి ఎక్కువ నొప్పి. బర్డీ అదనం కాబట్టి కొంచెం జాగ్రత్తగా, కొంచెం మెత్తగా కొడతారు. టైగర్ వుడ్స్ కూడా దీనికి అతీతుడు కాదని ఆ లెక్కల్లో తేలింది. లక్షల డాలర్లు పందెంలో ఉన్న ప్రొఫెషనల్స్ సంగతే ఇదైతే మనమెంత!

అన్నీ మనసుతోనే సరిచేయొచ్చని మాత్రం అనను. యిప్స్ అనే సమస్య ఉంది. మూడడుగుల పుట్ కొట్టబోతే మణికట్టు తనంతట తానే తుళ్లిపడుతుంది. కొందరిలో ఇది ఆందోళన, కొందరిలో నరాలకి సంబంధించిన డిస్టోనియా అని డాక్టర్లు అంటారు. అలాంటివాళ్లకి "టెన్షన్ పడకు" అని చెప్పడం కాలు విరిగినవాడికి "నడిచేయ్" అని చెప్పడమే. జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ లాంగర్‌కి యిప్స్ ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ వచ్చాయి. ప్రతిసారీ అతను క్లబ్ పట్టుకునే పద్ధతే మార్చేశాడు. ఒక దశలో కుడిచేత్తో ఎడమ ముంజేతిని పుటర్‌కి అదిమి పట్టుకుని కొట్టేవాడు. చూడ్డానికి వింతగా ఉంటుంది. ఆ లాంగర్ 1985లో, 1993లో మాస్టర్స్ గెలిచాడు.

మనవాళ్లలో ఈ ఆటని నిద్రలేచి చూసేలా చేసింది అదితి అశోక్. బెంగళూరు అమ్మాయి. టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్లేటప్పటికి ప్రపంచ ర్యాంకు 200. 2021 ఆగస్టు 7, శనివారం పొద్దున, గోల్ఫ్ నియమాలు గూగుల్ చేసుకుంటూ మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఆమె డ్రైవ్‌లు మిగతావాళ్ల కంటే పొట్టిగా పడేవి. నెల్లీ కోర్డా లాంటివాళ్లు ఆమెని దాటి చాలా ముందుకి కొట్టేవాళ్లు. పెద్ద దెబ్బలో వెనకబడినదాన్ని గ్రీన్ మీద పుటింగ్‌తో తిరిగి సంపాదించుకునేది. పక్కవాళ్ల బంతి ఎంత దూరం వెళ్లిందో చూసి తనూ గట్టిగా కొట్టాలని చూసి ఉంటే రెండో రోజే అయిపోయేది. క్యాడీగా, అంటే బ్యాగ్ మోస్తూ, వెంట ఉన్నది వాళ్లమ్మ. చివర్లో రెండు హోల్స్ ఉన్నాయనగా వానతో ఆట ఆగింది. మళ్లీ మొదలయ్యాక నాలుగో స్థానంలో ముగించింది. పతకానికి ఒక్క దెబ్బ దూరం. మా నాన్న "అయ్యో" అన్నారు. నాకు మాత్రం నాలుగు రోజులూ ఆ ముఖం ఒకేలా ఉండటమే గుర్తుండిపోయింది.

చివరగా రోరీ మెకిల్రాయ్ గురించి చెప్పాలి. 2011 మాస్టర్స్‌లో, 21 ఏళ్ల వయసులో, నాలుగు దెబ్బల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి 80 కొట్టి 15వ స్థానానికి పడిపోయాడు. పదో హోల్‌లో బంతి చెట్లు దాటి కాటేజీల మధ్యకి వెళ్లింది, ఆ తర్వాత ఆగలేదు. రెండు నెలలకే యూఎస్ ఓపెన్‌ని ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచాడు. అయినా ఆగస్టా మాత్రం లోపల ఉండిపోయింది. మిగతా మూడు మేజర్లూ గెలిచాడు, ఇది ఒక్కటే మిగిలింది.

2025లో మళ్లీ చివరి రోజు ఆధిక్యంలో ఉన్నాడు. మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ. 13వ హోల్‌లో చిన్న షాట్‌ని నీళ్లలో వేసి ఇంకో డబుల్ బోగీ. అతనితో ఆడిన బ్రైసన్ డిషాంబో, రోజంతా మెకిల్రాయ్ తనతో ఒక్క మాట మాట్లాడలేదని తర్వాత చెప్పాడు. 18వ హోల్‌లో 125 గజాల నుంచి కొట్టింది బంకర్‌లో పడింది. అక్కడి నుంచి బయటికి తీశాక ఐదడుగుల పుట్ పడితే టైటిల్. పడలేదు. జస్టిన్ రోజ్‌తో ప్లేఆఫ్. చిన్నప్పటి స్నేహితుడైన క్యాడీ హ్యారీ డైమండ్ ఆ మధ్యలో అన్న మాట చాలా మామూలుది: సోమవారం పొద్దున ఎవరైనా ఈ అవకాశం ఇస్తామంటే తీసుకునేవాళ్లం కదా అని. పోయిన పుట్ గురించి ఒక్క మాట లేదు.

ప్లేఆఫ్ మళ్లీ అదే 18వ హోల్. దాదాపు అదే దూరం నుంచి, ఇందాక బంకర్‌లో పడ్డ అదే షాట్. ఈసారి గుంటకి నాలుగడుగుల దగ్గర్లో ఆగింది. పుట్ వేశాడు. గ్రీన్ మీద మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. ఆ రోజంతా కాన్ఫిడెంట్‌గా ఉన్న మనిషి ఏడుపు కాదది.

ఆ చివరి రౌండ్ వీడియో దొరికితే చూడండి. బంతిని తర్వాత చూద్దురు గానీ, ముందు అతను బంతి వెనక నిలబడి, ముందుకి అడుగు వేసే ఆ కొద్ది సెకన్లు చూడండి.