బియ్యం నిండుకున్నాయి!

మొన్న ఇండియన్ స్టోర్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి, "బియ్యం నిండుకున్నాయే" అన్నాను. కూరలన్నీ తెచ్చింది, బియ్యం తప్ప. "డబ్బా నిండా ఉన్నాయన్నావుగా అమ్మా!" అంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

ఇంట్లో 'లేవు' అన్న మాట వినపడకూడదని మన పెద్దవాళ్ళు అలా అంటారని చెప్పాను. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటాం. బయల్దేరేటప్పుడు 'వెళ్తాను' అనం, 'వెళ్ళొస్తాను' అంటాం.

ఆ చివరి మాట దానికి బాగా నచ్చింది. ఆదివారం మా అమ్మతో వీడియో కాల్ ముగిస్తూ, ఎప్పటిలా 'బై' అనకుండా, "వెళ్ళొస్తా అమ్మమ్మా" అంది.

అమ్మ ఫోన్ పెట్టెయ్యలేదు. "ఎప్పుడొస్తావు తల్లీ?" అని అడిగింది.

మేం ఊరెళ్ళి మూడేళ్ళయింది. ఆ రాత్రే టికెట్లు చూశాను.